తాబేళ్ళు చేద్దామని దిగితే

మా వదిన, అంటే ఆడపడుచే, అమెరికా నుంచి వస్తూ ఒక డబ్బా చాక్లెట్లు తెచ్చింది, వాటి పేరు టర్టిల్స్ అట, అడుగున నట్స్, మధ్యలో కారమెల్, పైన చాక్లెట్ చిప్ప, నిజంగానే బుల్లి తాబేళ్ళలా ఉన్నాయి. రెండ్రోజుల్లో డబ్బా ఖాళీ. మా చిన్నాడు ఆ ఖాళీ డబ్బా వాసన చూసుకుంటూ ఇల్లంతా తిరుగుతుంటే చూడలేక అనకూడని మాట అనేశా, "ఓస్ ఇంతేనా, నేను చేస్తా ఉండు" అని.

నెల మే, ఊరు బెజవాడ. చాక్లెట్లో ఉండే కోకో బటర్ 34 డిగ్రీల దగ్గరే కరిగిపోద్ది, అందుకే నోట్లో పెట్టుకోగానే అంత హాయిగా ఉంటది, మా వంటింట్లో ఏమో ఫ్యాన్ వేస్తే స్టవ్ ఆరిపోద్ది, వెయ్యకపోతే నేనే కరిగిపోతా. అయినా నోరు జారాక వెనక్కి తగ్గుతామా.

వాళ్ళు పెకాన్లు వేస్తారు. మాకెందుకు అవి, అత్తగారిది పలాస, ఇంట్లో ఉప్పు నిండుకున్న రోజు ఉందేమో గానీ జీడిపప్పు నిండుకున్న రోజు లేదు. తాబేలుకి ఐదు పప్పులు, నాలుగు కాళ్ళకి, ఒకటి తలకి.

వీడియోలో అమ్మాయి పంచదార కరిగేటప్పుడు గరిట పెట్టొద్దు, గిన్నె పట్టుకుని అటూ ఇటూ తిప్పండి చాలు అని మూడుసార్లు చెప్పింది. కానీ పొయ్యి మీద ఏదన్నా ఉంటే కలపకుండా మన చెయ్యి ఊరుకోదు కదా. కలిపా. కరిగిన పంచదార కాస్తా మళ్ళీ పంచదారే అయి కూర్చుంది, ఈసారి గులకరాళ్ళ సైజులో. అత్తగారు తొంగి చూసి "ఏటమ్మా, పటికబెల్లం చేస్తన్నావా?" అన్నారు పాపం ఏ వెటకారం లేకుండా.

రెండోసారి కలపలేదు, చేతులు కట్టుకుని నిలబడ్డా. తేనె రంగు వచ్చింది, ఆహా అనుకుంటుండగా కొరియర్ వాడు బెల్ కొట్టాడు, నేను సంతకం పెట్టి వచ్చేసరికి గిన్నెలో తారు.

మూడోసారి రంగు కుదిరింది. ఆనందంలో ఫ్రిజ్‌లోంచి తీసిన క్రీమ్ తీసినట్టే పోసేశా. పాకం ఏమో 170 డిగ్రీల మీద ఉంది, క్రీమ్‌లో నీళ్ళు ఒక్కసారే ఆవిరైపోయి బుస్సుమని లేచి స్టవ్వు, గట్టు, నా చెప్పులు. సంక్రాంతికి కూడా మా ఇంట్లో అంత బాగా పొంగలేదు. గిన్నెలో సగం మిగిలింది.

ఇప్పుడు దింపేదెప్పుడు? థర్మామీటర్‌లో 118 రావాలంది అమ్మాయి. మా ఇంట్లో ఉన్నది జ్వరం థర్మామీటర్, దానికి 42 దాటితే మాట రాదు. అత్తగారు చిన్న పళ్ళెంలో నీళ్ళు తెచ్చి, ఒక చుక్క వేసి, వేళ్ళతో నొక్కి "ఉండ కట్టింది, దించెయ్" అన్నారు. దించా. "నెయ్యి రాసేవా పళ్ళేనికి?" అనడిగారు. "ఇది అరిసెల పాకం కాదత్తయ్యా, కారమెల్" అన్నా నేను. ఎందుకన్నానో నాకు ఇప్పటికీ తెలీదు.

గంట తర్వాత పళ్ళెం, కారమెల్ ఏకమైపోయాయి. అట్లకాడ పెట్టి లేపితే అట్లకాడే వంగింది. తిరగేసి కొడితే జీడిపప్పులు గబ్బిలాల్లా వేలాడుతున్నాయి గానీ ఒక్కటీ రాలలేదు. సరే, ఈలోగా చాక్లెట్ కరిగిద్దామని మరిగే నీళ్ళ మీద గిన్నె పెట్టి మూతేశా, మూత తీస్తుంటే దాని అంచునున్న నీటిచుక్క టప్పున అందులో పడింది. ఒక్క చుక్కండీ. నిగనిగలాడే చాక్లెట్ క్షణంలో రాగి సంకటి. దాంతో మా తాబేళ్ళకి చిప్పలు లేకుండా పోయాయి.

చివరికి పళ్ళేన్ని పది నిమిషాలు డీప్ ఫ్రీజర్లో పెట్టి, టవల్లో చుట్టి గట్టుకేసి కొడితే పెంకులా లేచొచ్చింది. కొరికితే మాత్రం రుచి అదిరింది, నమిలేకొద్దీ సాగుతూనే ఉంది, అసలు సిసలు జీడిపాకం. అప్పుడు చిన్నాడు అరిచాడు, "అమ్మా, దీని మీద ఏదో రాసుంది!"

చూస్తే వెనకవైపు చుక్కలు చుక్కలుగా అక్షరాలు, అన్నీ ఉల్టా. నేను హడావిడిలో తీసిన పళ్ళెం మా వదిన ఓణీల ఫంక్షన్‌కి పంచిపెట్టింది, పేరు, తారీఖు, సంవత్సరంతో సహా చెక్కించి. వాడు పెంకుని అద్దం ముందు పెట్టి కూడబలుక్కుని చదివాడు. వాడికి ఈ మధ్యే స్కూల్లో తీసివేతలు నేర్పారు. "అత్తా, ఉండు, నీకు ఎన్నేళ్ళో చెప్తా" అని వేళ్ళు మడవడం మొదలెట్టాడు.

అప్పటిదాకా డైట్ అంటూ దూరంగా కూర్చున్న మా వదిన లేచొచ్చి సంవత్సరం ఉన్న ముక్క విరుచుకుని నోట్లో వేసేసుకుంది.