ఆ డ్యూయెట్‌ని వదిలేశారేమండీ?

1958 మార్చి 27న లిస్బన్ సావో కార్లోస్ థియేటర్లో గాయని మరియా కల్లాస్ పాడిన ‘లా ట్రావియాటా’ ఆపెరా (సంగీత నాటకం) లైవ్ రికార్డింగులో సౌండ్ బాగా లేదని మీ సమీక్షలో రాశారు. నిజమే, పాడేవాళ్లకి మాటలు అందించే ప్రాంప్టర్ గొంతు కూడా మధ్యమధ్యలో వినిపిస్తూనే ఉంటుంది. దానికేం, అలవాటైపోతుంది. కానీ రెండో అంకంలో కథానాయిక వయొలెట్టా, ఆమె ప్రియుడి తండ్రి జెర్మాంట్‌ల డ్యూయెట్ గురించి ఒక్క ముక్కా రాయకపోతే ఎలాగండీ? జెర్మాంట్‌గా మారియో సెరేని మర్యాదగా పాడాడు, అంతే. వయొలెట్టాగా కల్లాస్ మాత్రం, ప్రియుణ్ణి వదులుకోవడానికి ఒప్పుకునే ‘దితే అల్లా జోవినే’ పాటకి ముందు స్వరాన్ని సన్నగా నిలిపి, ఎక్కడ తెగిందో తెలియకుండా పాటలోకి జారిపోతుంది. వయొలెట్టా ఓడిపోయింది అక్కడే. మొదటి అంకం చివర తారస్థాయి స్వరం కాస్త కష్టంగా పలికిందని విమర్శించేవాళ్లున్నారు, అననివ్వండి.

స్టూడియోలో ఆమె ఈ ఆపెరాను పూర్తిగా పాడింది ఒక్కసారే, 1953లో చెట్రా కంపెనీకి. ఆ ఒప్పందం అడ్డొచ్చి 1955లో ఇ.ఎం.ఐ. కంపెనీ రికార్డుకు ఆమె బదులు ఆంటోనియెట్టా స్టెల్లా అనే గాయనిని తీసుకున్నారు. కాబట్టి పరిణతి చెందిన కల్లాస్ వయొలెట్టా కావాలంటే ఇలాంటి లైవ్ టేపులే దిక్కు.

అన్నట్టు, లిస్బన్‌లో వయొలెట్టా ప్రియుడు ఆల్‌ఫ్రెడోగా పాడిన ఆల్‌ఫ్రెడో క్రాస్‌కి అప్పటికి 30 ఏళ్లే. ఆయనకి ఒక్క వాక్యంతో సరిపెట్టడం అన్యాయం.