ఏ ఆస్తులు బాబాయ్?

నికోలస్ వింటన్ అనే ఇంగ్లండు ఆయన మీద తిరుగుతున్న వాట్సాప్ మెసేజ్ ఈ వారంలో నాకిది నాలుగోసారి. ఈసారి పంపింది మా బాబాయి, కింద వరసగా కన్నీళ్ల బొమ్మలు పెట్టి. "ఒకే ఒక్కడు 669 మంది యూదు పిల్లల్ని హిట్లర్ నుంచి కాపాడాడు. యాభై ఏళ్లు ఎవరికీ చెప్పలేదు. ఆస్తులు వదల్లేని తల్లిదండ్రులు పిల్లల్ని పంపేసి అక్కడే ఉండిపోయారు." ఇదీ అందులో ఉన్నది.

669 సరైన లెక్కే. ఎవరికీ చెప్పలేదన్నది మాత్రం తప్పు. 1954లో మేడెన్‌హెడ్ పట్టణ ఎన్నికల్లో నిలబడి, తన ప్రచార కాగితంలో ఈ సంగతి రాసుకున్నాడు. అదేం నేరం కాదు, పోనీండి.

'ఒక్కడే' అంటే ఎలా? ఆ పిల్లలున్న చెకొస్లోవేకియా రాజధాని ప్రాగ్‌లో వింటన్ ఉన్నది మూడు వారాలు. ఆయన వెళ్లేసరికే డోరీన్ వారినర్ అక్కడ శరణార్థుల పని చూస్తోంది. 1939 మార్చిలో నాజీలు ఊళ్లోకి దిగాక కూడా పిల్లల్ని రైలెక్కించింది ట్రెవర్ చాడ్విక్. వింటన్ లండన్‌లో ఇళ్లు వెతికాడు, బ్రిటన్ ప్రభుత్వం అడిగిన పూచీకత్తు, పిల్లకి 50 పౌండ్ల చొప్పున, కూడగట్టాడు. చిన్న పనేం కాదు. కానీ అసలు ప్రమాదాన్ని ఎదుర్కొన్నది చాడ్విక్ అని వింటనే అన్నాడు. ఆయన ఒప్పుకున్నా మన వాట్సాప్ ఒప్పుకోదు!

ఇక ఆ ఆస్తుల మాట. ప్రాగ్‌లో దిగకముందే నాజీలు తమ దేశంలో ఏం చేశారో చూడండి. 1938 నవంబరులో జర్మనీలో యూదుల దుకాణాలు పగలగొట్టి, పైగా వాళ్ల మీదే వంద కోట్ల మార్కుల జరిమానా వేశారు. ఉద్యోగాలు ఊడాయి, వ్యాపారాలు లాక్కున్నారు. ఇంకా వదల్లేనంత ఏం మిగిలిందట, పూలకుండీలా? బ్రిటన్ పెట్టిన షరతు 17 ఏళ్ల లోపు పిల్లలు మాత్రమే, అదీ పెద్దవాళ్లు లేకుండా. తల్లులు ప్రయత్నించకపోలేదు. ఇంట్లో పనివాళ్లని పెట్టుకుని బతికిన ఆడవాళ్లు ఇంగ్లండులో పనిమనుషులుగా చేరతామని దరఖాస్తులు పెట్టుకున్నారు. అలా వేలమంది వచ్చారు కూడా. రాలేకపోయినవాళ్లని ఎనభై ఏళ్ల తర్వాత సోఫాలో కూర్చుని పిసినారులంటున్నాం.

బ్రిటన్‌ని ఇంకా నాలుగు తిడదామనే అనుకున్నాను. కానీ ఒకటి ఒప్పుకోవాలి. ఆ దేశం దాదాపు 10,000 మంది పిల్లలకైనా గేటు తీసింది. 20,000 మంది పిల్లల్ని రానిద్దామన్న బిల్లు అమెరికాలో సభ ముందు ఓటింగ్‌కే రాలేదు.

మెసేజ్ చివర్లో "పిల్లలంతా మళ్లీ అమ్మానాన్నల ఒడికి చేరారు" అని ఇంకో ముక్క ఉంది. చాలామందికి చేరడానికి ఎవరూ మిగల్లేదు. 1939 సెప్టెంబరు 1న దాదాపు 250 మందితో కదలాల్సిన రైలు, యుద్ధం మొదలై, ప్రాగ్‌లోనే ఆగిపోయింది. ఆ పిల్లల పేర్లు జాబితాలో రాయించింది కూడా అమ్మానాన్నలే బాబాయ్.