టైగర్ అనే గిటార్ గారికి, దాన్ని కొనుక్కునే మారాజులకు

మహారాజశ్రీ టైగర్ గారి సముఖమునకు, గిటార్లు విప్పి బిగించి బతికేవాళ్లం నమస్కరించి రాసుకుంటున్న విన్నపం. ఉభయకుశలోపరి.

తమరు పుట్టిన వైనం తమరి అభిమానులకు కంఠతా వచ్చు. అయినా తమరి ఖరీదు మాత్రమే తెలిసినవాళ్ల కోసం ఒకసారి చెబుతాం. 1973లో కాలిఫోర్నియాలో డగ్ ఇర్విన్ అనే గిటార్ల పనివాడు తమరి అన్నగారు, వుల్ఫ్ అనే గిటార్‌ను, గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికా రాక్ బృందంలోని గిటారిస్టు జెర్రీ గార్సియా చేతికిచ్చి 1,500 డాలర్లు పుచ్చుకున్నాడు. గార్సియా అప్పుడే ఇంకోటి చెయ్యమన్నాడు. ఖర్చుకు వెనకాడకుండా నీకు తోచినట్టు చెయ్యి అన్నాడట. చెక్కపనివాడితో ఎవరూ అనకూడని మాట అది. ఆరేళ్లు పట్టింది. 1979లో 5,800 డాలర్ల బిల్లుతో, 13.5 పౌండ్ల బరువుతో తమరు వేదికెక్కారు. ఆరు కిలోల పైమాటే. మామూలు స్ట్రాటోకాస్టర్ గిటార్ మూడున్నర కిలోల చుట్టుపక్కల ఉంటుంది. ఆ బరువును భుజాన వేసుకుని పదేళ్లపాటు గంటల తరబడి నిలబడ్డవాడు ఒక్కడే. తర్వాత వచ్చినవాళ్లు తమరి బరువు చూసుకున్నది చెక్కుబుక్కులో.

అంత బరువెందుకో కూడా చెప్పాలి. తమరి ఒళ్లు ఒకే దుంగ కాదు. కోకోబోలో, మేపుల్, వెర్మిలియన్ అనే చెక్కల పలకల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి అతికించారు. ఇర్విన్ కొన్నాళ్లు పనిచేసిన ఆలెంబిక్ అనే గిటార్ల షాపులో ఈ పద్ధతికి హిప్పీ శాండ్‌విచ్ అని ముద్దుపేరు. దాని చుట్టూ ఇత్తడి అంచు, పైన ఇత్తడి సామాను. చూడ్డానికి కన్నులపండుగ, బాగుచెయ్యడానికి తలనొప్పి. కోకోబోలోలో సహజంగానే నూనె ఉంటుంది. అతికించే ముందు ఎసిటోన్‌తో తుడవాలి, నూనె మళ్లీ పైకి ఊరకముందే జిగురు రాసి క్లాంపులు బిగించెయ్యాలి. ఈలోగా టీ తాగొద్దామని వెళ్తే ఆ అతుకు ఇవాళ గట్టిగానే కనిపిస్తుంది, కొన్నేళ్లకు వెంట్రుకంత గీతలా విచ్చుకుంటుంది. దాని పొట్టు ఒంటికి తగిలితే చాలామందికి దద్దుర్లు. ఇక ఇత్తడి అంచు సంగతి. గాలిలో తేమను బట్టి చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. ఇత్తడికి ఆ పట్టింపు లేదు. ఇద్దరినీ కలిపి కూర్చోబెడితే కొన్నాళ్లకు సరిహద్దు దగ్గర గోటికి తగిలేంత ఎత్తుపల్లాలు వస్తాయి. తేమ 45 నుంచి 55 శాతం మధ్య నిలకడగా ఉంచితే ఈ తగువు ముదరదు. గాజు పెట్టెలో వేడి దీపాలు పెట్టి, రాత్రి ఆపేసి, పొద్దున మళ్లీ వెలిగించే పుణ్యాత్ములు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదువుకోవాలి.

తమరి అసలు గొప్పతనం మాత్రం పులిబొమ్మ పొదిగిన ఆ మూత కింద ఉంది. మామూలు గిటార్‌లో పికప్ నుంచి, అంటే తీగల కదలికను విద్యుత్తుగా మార్చే అయస్కాంతపు చుట్ట నుంచి, వచ్చే సిగ్నల్ బలహీనం. కేబుల్ మీటరుకు సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ (విద్యుత్తును దాచుకునే గుణం) ఉంటుంది కాబట్టి కేబుల్ పొడవు పెరిగేకొద్దీ పైస్థాయి శబ్దం మసకబారుతుంది. తమరి లోపల బఫర్ అనే చిన్న సర్క్యూట్ ఉంది. అది శబ్దాన్ని పెంచదు, కేబుల్‌ను తట్టుకునే సత్తువ ఇస్తుంది. అక్కడి నుంచి సిగ్నల్ బయటికెళ్లి, శబ్దం తీరు మార్చే ఎఫెక్ట్‌ల పెట్టెల్లో తిరిగి, మళ్లీ తమరి కడుపులోకే వస్తుంది. వాల్యూమ్ నాబ్ ఉన్నది ఆ తర్వాత. ఈ వరసలోనే కిటుకంతా. వాద్యకారుడు వాల్యూమ్ ఎంత తగ్గించినా ఎఫెక్ట్‌లకు అందే సిగ్నల్ తగ్గదు. మీటే బలాన్ని బట్టి తెరుచుకునే ఎన్వలప్ ఫిల్టర్ లాంటి పెట్టెకు ఇది ప్రాణం. నాబ్ ముందుంటే మెల్లగా వాయించినప్పుడల్లా అది నిద్రపోతుంది.

ఇక తమరి అసలు భాగాల గురించి జరిగే గొడవ చూస్తే నవ్వొస్తుంది. మెడ దగ్గర డిమార్జియో కంపెనీ ఎస్‌డీఎస్-1 పికప్, మిగతా రెండు చోట్లా అదే కంపెనీ సూపర్ టూ హంబకర్లు, అంటే జంట చుట్టల పికప్‌లు. గార్సియాకు ఏడాదికో రెండేళ్లకో పికప్‌లు మార్చే అలవాటు. అది తెలిసిన ఇర్విన్ అవి సులువుగా ఊడివచ్చేటట్టు కట్టాడు. అంటే అసలు పికప్ అనే మాటకే తావు లేని గిటార్ తమరు. ఇప్పుడు కళ్లద్దాలు సర్దుకుని వచ్చే నిపుణులు మొట్టమొదట అడిగేది, ఇవి అసలువేనా అని! వాళ్ల లెక్కన ఒక టంకం చుక్క మళ్లీ కరిగిస్తే తమరి విలువ తరిగిపోతుంది. కరిగించడానికి వీలుగా పుట్టడమే తమరి విలువని వాళ్లకు చెప్పేవాళ్లు లేరు.

యజమానుల సంగతి క్లుప్తంగా. 1995 జులై 9న షికాగో సోల్జర్ ఫీల్డ్ కచేరీలో ఇర్విన్ చేసిన ఇంకో గిటార్ రోజ్‌బడ్ మధ్యలో మొరాయిస్తే తమరే అక్కరకొచ్చారు. బృందంతో గార్సియా వాయించిన చివరి గిటార్ తమరే అయ్యారు. ఆగస్టు 9న ఆయన పోయాడు. ఇర్విన్ చేసిన గిటార్లన్నీ ఇర్విన్‌కే చెందాలని వీలునామా. అవి మా సొత్తు అంది బృందం కంపెనీ. ఇర్విన్‌ను అప్పటికే ఒక కారు గుద్దింది, చేతిలో చిల్లిగవ్వ లేకుండా ఉన్నాడు. చివరికి 2001లో రాజీ కుదిరి తమరూ వుల్ఫూ ఆయనకు దక్కారు, మిగిలినవి వాళ్లకు. పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలా తమరు అక్కడ నాలుగు రోజులు ఉన్నారో లేదో, 2002 మేలో న్యూయార్క్‌లో గర్న్సీస్ వాళ్ల వేలంపాట. చేసినవాడు తన పనిని తన దగ్గర ఉంచుకోలేకపోవడం ఈ వృత్తిలో వింతేమీ కాదు. కాకపోతే ఇంత ధరకు కాదు.

తమరు 9,57,500 డాలర్లకు ఇండియానాపొలిస్ కోల్ట్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు యజమాని జిమ్ ఐర్సే ఇంటికి. అన్నగారు 7,89,500కు డేనియల్ ప్రిట్జ్‌కర్ అనే కోటీశ్వరుడి ఇంటికి. మీసం మెలెయ్యకండి. పుట్టినప్పటి ధర మీద ఆ వేలంలో తమరు పెరిగింది 165 రెట్లు, అన్నగారు 526 రెట్లు. పైగా అన్నగారు 2017లో ఒక ధర్మసంస్థ కోసం మళ్లీ వేలానికొచ్చి దాదాపు 19 లక్షల డాలర్లు పలికారు. ఐర్సేను మాత్రం ఏమీ అనలేం. తన సేకరణను ఊరూరా తిప్పి జనానికి ఉచితంగా చూపించాడు, 2016లో తమరిని గిటారిస్టు వారెన్ హేన్స్ చేతికిచ్చి వాయించనిచ్చాడు కూడా. 2025 మేలో ఆయనా వెళ్లిపోయాడు.

ఇక ఈ లేఖలో మిగతాది, తమరిని ముందుముందు కొనేవాళ్లకు చదివి వినిపించండి.

అయ్యా, కొన్న మర్నాడు తీగలన్నీ వదులు చెయ్యకండి. పది నంబరు తీగల సెట్టు మెడను సుమారు 45 కిలోల బలంతో లాగుతుంది. మెడ లోపలి ట్రస్ రాడ్ అనే లోహపు కడ్డీ ఆ లాగుడుకు ఎదురు బిగించి ఉంటుంది. తీగలు తీసేస్తే మెడ వెనక్కి వంగుతుంది. రెండు స్వరస్థానాలు దించితే చాలు. మొదటి మెట్టు దగ్గరా, చివరి మెట్టు దగ్గరా తీగను నొక్కి పట్టుకుని ఏడో మెట్టు మీద ఖాళీ చూడండి. 0.2 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటే ముట్టుకోకండి. తేడా ఉంటే ఒకసారికి పావు తిప్పుకు మించి తిప్పకండి, ఒక రోజు ఆగి మళ్లీ చూడండి.

నెలకోసారి నాబ్‌లూ స్విచ్‌లూ అన్నీ ఆ కొస నుంచి ఈ కొస వరకు ఇరవైసార్లు తిప్పండి. తిప్పని నాబ్‌లో ఆక్సైడ్ పొర పేరుకుంటుంది, గరగరమంటుంది. ఇలాంటి గిటార్ మోగకపోతే వెంటనే లాయర్‌కు ఫోన్ చెయ్యకండి. ఎఫెక్ట్‌ల లూప్ స్విచ్ వేసి ఉంచి కేబుల్ గుచ్చలేదేమో చూసుకోండి. మెరుస్తుంది కదా అని ఇత్తడి పాలిష్ పుయ్యకండి. అది అంచు సందుల్లో తెల్లగా గడ్డకట్టి చెక్క రంధ్రాల్లోకి దిగుతుంది.

భద్రపరిచేటప్పుడు 9 వోల్టుల బ్యాటరీ తీసెయ్యండి. లోపలే ఉంటే కారుతుంది. కారేది క్షారం, కాబట్టి వంటసోడా పనికిరాదు. దూది పుల్ల మీద కొంచెం తెల్ల వెనిగర్, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్. తీసిన బ్యాటరీని మాత్రం పారెయ్యకండి. సీల్డు కవర్లో పెట్టి, సంతకాలతో ఒక ధ్రువపత్రం జతచేయించండి. తర్వాతి వేలంలో దాని నంబరు దానికి ఉంటుంది, కొనేవాడు కూడా ఉంటాడు.

ఇట్లు
తమరి పులిబొమ్మ మూత స్క్రూలు విప్పే అవకాశం కోసం ఎదురుచూస్తున్న
టంకం పనివాళ్లు