పాఠం పీహెచ్‌సీకే రావాలి

కట్లపాము కరిస్తే చాలాసార్లు నొప్పి తెలియదు, వాపు రాదు. రాత్రి నేలమీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పంటూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీకి) వస్తాడు. కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి. అది విషమని పట్టుకోవాల్సింది నైట్ డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్సే. ఎప్పుడో నర్సింగ్ కోర్సులో చదివింది ఆ క్షణంలో గుర్తుకు రావాలి.

రక్తపింజరి కాటుకు చేసే పరీక్షా అంతే. కాస్త రక్తాన్ని పొడి గాజు పరీక్షనాళికలో పోసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, వంచి చూడాలి. గడ్డకట్టకపోతే విషం రక్తానికి ఎక్కినట్టే. ప్లాస్టిక్ ట్యూబు వాడినా, సబ్బుతో కడిగిన నాళిక తీసుకున్నా ఫలితం తప్పొస్తుంది. ఖర్చులేని పరీక్షే, కానీ చేతికి అలవాటుండాలి.

డాక్టర్లు ఐదేళ్లలో కనీసం 30 గంటల నిరంతర వైద్య విద్య పూర్తిచేయాలని 2002 నాటి వృత్తి నియమావళి చెబుతోంది. గంటల లెక్క సరే, ఆ గంటల్లో ఏం నేర్చుకున్నారన్నది ఎవరు చూస్తున్నారు? పెద్ద సదస్సులు నగరాల్లో జరుగుతాయి. ఏజెన్సీలో ఒక్కరే డాక్టరున్న పీహెచ్‌సీ వదిలి ఆయన వెళ్తే ఆ రోజు ఓపీ ఆగిపోతుంది.

అమెరికాలోని న్యూమెక్సికోలో డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో ఈ పద్ధతిని తలకిందులు చేశారు. హెపటైటిస్-సి రోగుల్ని నగరానికి రప్పించే బదులు, పల్లె డాక్టర్లతో ప్రతివారం వీడియోలో కూర్చుని వాళ్ల కేసుల్నే చర్చించారు. 2011లో ఫలితాలు వచ్చాయి: యూనివర్సిటీ క్లినిక్‌లో 57.5 శాతం మందికి నయమైతే, ఆ మారుమూల కేంద్రాల్లో 58.2 శాతం మందికి నయమైంది.

పల్లె నుంచి నగరం నేర్చుకున్న సందర్భమూ ఉంది. మహారాష్ట్ర కొంకణ్ ప్రాంతంలో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ తేలుకాటుకు ప్రజోసిన్ అనే మందు పనిచేస్తుందని గమనించి 1986లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించారు. అందుకే పీహెచ్‌సీ సిబ్బందిని వినేవాళ్లుగా మాత్రమే చూడటం నాకు పెద్ద పొరపాటనిపిస్తుంది.

మనకు ప్రభుత్వ టెలిమెడిసిన్ సేవ ఈ-సంజీవని ఉంది. ఉపకేంద్రంలోని సీహెచ్‌వో (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్) దాని ద్వారా రోజూ డాక్టరుతో మాట్లాడుతున్నారు. మందు రాయడంతో ఆ కాల్ ముగిసిపోకూడదు. వారానికో గంట ఆ వారం కేసుల మీద చర్చ జరగాలి. ఏఎన్‌ఎంలు, నర్సులు కూడా అందులో ఉండాలి. ఆ గంటను డ్యూటీగా రిజిస్టర్‌లో రాయాలి, రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు లెక్కించే క్రెడిట్‌లోనూ కలపాలి. సెలవురోజు మీదికో రాత్రి మీదికో నెడితే ఆ చదువు నిలవదు.