లోగనాథన్ గారి చేతికి వచ్చింది బడులొక్కటే

డిసెంబరు 30 దగ్గర పడితే చాలు, ఆ మెసేజ్ మళ్ళీ లేస్తుంది. ఈసారి మా బావగారే ఫ్యామిలీ గ్రూపులో పెట్టి, కింద "ప్రతి భారతీయుడూ చదవాలి" అని తగిలించారు. సరే, చదివాను. నేతాజీ 1943లోనే అండమాన్‌ను విముక్తి చేశారట. మేజర్ జనరల్ ఎ.డి. లోగనాథన్‌ను గవర్నర్‌గా వేశారట. జపాన్ వాళ్ళు దీవుల్ని మర్యాదగా అప్పజెప్పి తప్పుకున్నారట. జపాన్ ఓడిపోయేదాకా ఆయనే ఏలారట. నీల్, హేవ్‌లాక్ దీవులకు షహీద్, స్వరాజ్ అని పేర్లు పెట్టారట. జనం సొంత స్టాంపులు అంటించుకుంటూ హాయిగా బతికారట. పుస్తకాలు ఇదంతా దాచేశాయట.

చిల్లర సంగతులు ముందు తేల్చేస్తాను. ఆజాద్ హింద్ (నేతాజీ ప్రవాస ప్రభుత్వం) పేరిట స్టాంపులు బెర్లిన్‌లో అచ్చయ్యాయి, వాడకంలోకి రానే లేదు. లోగనాథన్ హోదా చీఫ్ కమిషనర్. గవర్నర్ అనే పిలుచుకుంటామంటే పిలుచుకోండి, నాకేం గొడవ లేదు. షహీద్, స్వరాజ్ అన్న పేర్లు నేతాజీ అండమాన్, నికోబార్ మొత్తానికి పెట్టినవి. 2018లో నీల్, హేవ్‌లాక్ దీవులకు అవే పేర్లు పెట్టారు కాబట్టి నేతాజీ ఉద్దేశించింది ఆ రెండు దీవులనే అనుకోవడం వాట్సాప్ భూగోళం.

ఇక విముక్తి. 1942 మార్చిలో దీవుల్ని పట్టుకున్నది జపాన్. 1943 నవంబరులో టోక్యో సభలో జపాన్ ప్రధాని టోజో "ఆజాద్ హింద్ ప్రభుత్వానికి ఇస్తాం" అని ప్రకటించాడు. ఇస్తామన్నారు, అంతే. జపాన్ నావికాదళం అక్కడి నుంచి కదల్లేదు.

1944 ఫిబ్రవరిలో లోగనాథన్ వేళ్ళమీద లెక్కపెట్టగలిగినంత మంది సిబ్బందితో పోర్ట్‌బ్లెయిర్‌లో దిగారు. సైన్యంలో డాక్టరుగా పనిచేసిన మనిషి. ముందు పోలీసు శాఖ అడిగారు. యుద్ధం నడుస్తోంది, కుదరదన్నారు జపాన్ అధికారులు. పోలీసు లేని పాలన నాకెందుకని ఆయన మిగతా శాఖలు తీసుకోలేదు, ఒక్క విద్యాశాఖ తప్ప. ఆ ఏడాదే ఆరోగ్యం దెబ్బతిని వెనక్కి వెళ్ళిపోయారు. ఇదీ మీ "జపాన్ ఓడేదాకా ఏలడం". బడిగంట తప్ప ఇంకేదీ చేతిలో లేని పాలకుడిని చక్రవర్తిని చేసి పంపిస్తున్నారు, నాయనా!

ఇవన్నీ ఏదోలా మింగొచ్చు. "హాయిగా బతికారు" అన్న ముక్కే నాకు గొంతు దిగలేదు.

డాక్టర్ దివాన్ సింగ్ పేరు ఆ మెసేజ్‌లో లేదు. విదేశాల్లోని భారతీయులు స్వాతంత్ర్యం కోసం పెట్టుకున్న ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్‌కు పోర్ట్‌బ్లెయిర్‌లో నాయకుడు, పంజాబీ కవి. అంటే నేతాజీ పక్షం మనిషే. జపాన్ వాళ్ళు గూఢచారి అని ముద్రవేసి సెల్యులార్ జైల్లో చిత్రహింసలు పెట్టారు. 1943 డిసెంబరు 30న జింఖానా మైదానంలో నేతాజీ జెండా ఎగరేసిన రోజున ఆయన ఆ జైల్లోనే ఉన్నారు. నేతాజీని జైలు చూపించడానికి తీసుకెళ్ళారు కూడా. లోపల మగ్గుతున్న మనవాళ్ళను మాత్రం చూడనివ్వలేదు. బస రాస్ దీవిలో, చుట్టూ జపాన్ అధికారులు, ఊరివాళ్ళను దగ్గరికి రానివ్వలేదు. జనవరి 14న దివాన్ సింగ్ ప్రాణం పోయింది. జనవరి 30న పోర్ట్‌బ్లెయిర్ దగ్గరి హంఫ్రీగంజ్‌లో 44 మంది భారతీయులను వరసగా నిలబెట్టి కాల్చేశారు. జెండా ఎగిరి సరిగ్గా నెల. వాళ్ళలో చాలామంది లీగ్ సభ్యులే. పోలీసు శాఖ ఎందుకు ఇవ్వనన్నారో ఇప్పుడు అర్థమైందా? ఇవ్వడమంటే జైలు తాళాలు ఇవ్వడం.

హంఫ్రీగంజ్‌లో స్మారకం ఉంది. పోర్ట్‌బ్లెయిర్ టూరు వేసుకుని జెండా స్తంభం దగ్గర సెల్ఫీ దిగి వచ్చేవాళ్ళు, కాస్త ఆటో మాట్లాడుకుని అక్కడికీ వెళ్ళిరండి. వచ్చాక "మర్యాదగా అప్పజెప్పారు" అని ఫార్వర్డ్ చేయండి, అప్పుడు చూస్తాను.

పుస్తకాలు దాచాయన్న మాట మాత్రం కొట్టిపారేయలేను. దాచాయో, బద్ధకించాయో గానీ, బళ్ళో లోగనాథన్ పేరు నేను వినలేదు. దాచిన అసలు కథ మీరు పంపేదానికన్నా పెద్దది. 1945 ఏప్రిల్ 24న నేతాజీ రంగూన్ వదిలి వెళుతూ, అక్కడ మిగిలిన 5,000కు పైగా ఆజాద్ హింద్ సైనికులను లోగనాథన్‌కు అప్పగించారు. జపాన్ వాళ్ళు వెళ్ళిపోయారు, బ్రిటిష్ వాళ్ళు ఇంకా రాలేదు. 1942లో బ్రిటిష్ వాళ్ళు వదిలి పారిపోయినప్పుడు అదే రంగూన్ దోపిడీలతో, మంటలతో అల్లాడింది. ఈసారి లోగనాథన్ మనుషులు వీధుల్లో కాపలా కాసి అక్కడి భారతీయుల ఇళ్ళూ దుకాణాలూ కాపాడారు. మే మొదట్లో బ్రిటిష్ సేన రాగానే లొంగిపోయారు. ఏలినవాడని పొగడాలనుంటే ఆ వారం పదిరోజుల గురించి పొగడండి, నేనూ లైకు కొడతాను.

నా మాట నమ్మక్కర్లేదు. 1945 చివర ఆజాద్ హింద్ సైనికాధికారులపై బ్రిటిష్ వాళ్ళు నడిపిన ఎర్రకోట విచారణలో డిఫెన్సు సాక్షిగా బోనెక్కి లోగనాథన్ గారే చెప్పారు, అండమాన్‌లో తాను తీసుకున్నది విద్యాశాఖ మాత్రమేనని. దీవులు మా ప్రభుత్వానివే అని గొప్పగా చెప్పుకుంటే తోటివారి కేసుకు బలమయ్యే చోట, ప్రమాణం చేసి ఉన్నదున్నట్టు చెప్పారు.