అన్నం దొరికే తిరుపతిలో అడ్రస్ దొరకదు

తెల్లవారుజామున తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర దుకాణాల మెట్ల మీద పడుకున్నవాళ్లలో భక్తులెవరో, ఇల్లే లేనివాళ్లెవరో చెప్పలేం. షట్టర్లు లేచే వేళకు తెలిసిపోతుంది. భక్తులు బ్యాగులు సర్దుకుని కొండ బస్సెక్కుతారు. మిగిలినవాళ్లు దుప్పటి చుట్టి చంకన పెట్టుకుని పక్క వీధికి జరుగుతారు. మొన్న అలా జరిగిన ఒక పెద్దాయన చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో షుగర్ మాత్రలు, నలిగిన ఓపీ చీటీ ఉన్నాయి. చీటీలో చిరునామా దగ్గర ‘బస్టాండు’ అని రాసి ఉంది.

షెల్టర్లు ఉన్నాయి కదా అంటారు. లక్ష జనాభాకో షెల్టరు ఉండాలని సుప్రీంకోర్టు ఆదేశించిన మాట నిజమే. ఆ లెక్క ఊరి జనాభాను చూస్తుంది. 2011లో తిరుపతి జనాభా మూడు లక్షల లోపే. రోజూ వేల మంది వచ్చిపోయే ఊరికి ఆ కొలత ఎలా సరిపోతుంది? అసలు ఏళ్ల తరబడి రోడ్డు మీద బతికినవాళ్లకు, మతి స్థిమితం తప్పినవాళ్లకు హాల్లో చాప వేస్తే చాలదు. లోపల గడియ పెట్టుకునే గది కావాలి. వారం వారం వచ్చి ‘మాత్రలు వేసుకున్నావా’ అని అడిగే మనిషి కావాలి. రెండింటికీ కలిపి ప్రభుత్వమే డబ్బివ్వాలి.

ఎందుకంటే గది లేకపోతే మిగతా పథకాలేవీ వాళ్లను చేరవు. వృద్ధాప్య పింఛను ఇప్పుడు నెలకు 4,000 రూపాయలు, గుమ్మం దగ్గరికే తెచ్చిస్తున్నారు. గుమ్మమే లేనాయనకు ఎక్కడిస్తారు? పింఛనుకు బియ్యం కార్డు అడుగుతారు, కార్డుకు ఆధార్, ఆధార్‌కు అడ్రస్. తిరిగి తిరిగి ఆయన మళ్లీ బస్టాండుకే వస్తాడు. అదే ఆయనకొక గది ఇచ్చి చూడండి. పింఛను అక్కడికే వస్తుంది, షుగర్ మాత్రలు పూట తప్పవు.

ఇది గాల్లో మేడ కాదు. ఫిన్లాండ్ 2008 నుంచి ముందు ఇల్లు, తర్వాతే మిగతావి అన్న పద్ధతి పట్టుకుని దీర్ఘకాలిక నిరాశ్రయుల సంఖ్యను సగానికి పైగా తగ్గించింది. అంత దూరం ఎందుకు, పక్కనున్న చెన్నైలో బన్యన్ సంస్థ 2015 నుంచి మామూలు వీధుల్లో ఇళ్లు అద్దెకు తీసుకుని, మానసిక జబ్బుతో వీధిన పడినవాళ్లను నలుగురైదుగురు చొప్పున కాపురం పెట్టిస్తోంది, తోడుగా ఒక సహాయకురాలిని ఉంచి. ఇలాంటి ఇళ్లకు ప్రభుత్వమే ఏర్పాటు చేయాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. చట్టం ఉంది, పద్దు లేదు.

గదులిస్తే వేరే ఊళ్లవాళ్లంతా ఇక్కడికే వస్తారని కొందరి భయం. వాళ్లు గది కోసం రావడం లేదు. అన్నం దొరుకుతుందని, స్వామి పాదాల దగ్గరున్నామన్న ధైర్యంతో వస్తారు. కొందరిని కన్నబిడ్డలే తెచ్చి వదిలిపోతారు.

నాకు అసలు బాధ వేరే ఉంది. మన సంక్షేమమంతా ఓటరు జాబితా వెంటే నడుస్తోంది. ఇల్లు లేనివాళ్లు ఓటుకు దరఖాస్తు చేస్తే, వాళ్లు చెప్పిన చోటే పడుకుంటున్నారా అని బూత్ అధికారి రాత్రిపూట వచ్చి చూడాలని ఎన్నికల సంఘం నిబంధన ఉంది. ఓటు కోసం చేయదగిన పని ఇంటి కోసం ఎందుకు చేయరు? నవంబరు వానలకు ముందే ఒక రాత్రి స్టేషన్ నుంచి అలిపిరి దాకా నడిచి, పేరు పేరునా రాసుకోండి. ఆ జాబితా చూసి గదుల అద్దె, సహాయకుల జీతం ఒకే పద్దులో పెట్టండి. మొదటి పేరుగా ఆ పెద్దాయనది రాయండి.