మొదటి లాంగ్ ట్రిప్పుకు పక్క సీట్లో తెలిసిన మనిషి ఉండాల్సిందే

నిన్న సాయంత్రం బంగారుపాళ్యం దగ్గర టీ తాగుతుంటే మా ఊరి పిల్లోడు ఒకడు కనిపించాడు. రెండేళ్లుగా పది టైర్ల లారీ తోలుతున్నాడు. వచ్చే వారం నుంచి ట్రైలర్ ఎక్కిస్తున్నారంట, మొదటి ట్రిప్పే పుణె. "తోడు ఎవరు వస్తున్నారు?" అని అడిగా. "ఎవరూ లేరన్నా, ఒక్కడినే. ఫోన్లో మ్యాప్ ఉంది కదా" అన్నాడు. ఇంటికొచ్చినా ఆ మాటే చెవిలో ఉంది, రాత్రి నిద్ర పట్టలేదు. చిత్తూరు, తిరుపతి పక్క ట్రైలర్లు నడిపే ఓనర్లు నాకు తెలిసినవాళ్లలో చాలామంది ఉన్నారు. వాళ్లు చదవాలనే ఇదంతా రాస్తున్నా.

2017లో నా మొదటి ట్రైలర్ ట్రిప్పు కూడా పుణెకే. చిత్తూరు దగ్గర ఒక గుజ్జు ఫ్యాక్టరీ నుంచి తోతాపురి మామిడి గుజ్జు, 120 డ్రమ్ములు. ఒక్కో డ్రమ్ములో 215 కిలోలు, అంటే గుజ్జు ఒక్కటే పాతిక టన్నులు దాటింది. అప్పటికి నాకు లారీ మీద ఆరేళ్ల అనుభవం ఉంది. ట్రైలర్ అంటే ఇంకాస్త పొడుగు లారీ అనే అనుకున్నా. నా అదృష్టం, ఓనరు మా మామను కూడా నాతో పంపించాడు. ఇద్దరికీ బత్తా, అంటే దారి ఖర్చుల డబ్బు, ఇచ్చాడు. ఆ రోజు ఆయన ఆ డబ్బు మిగుల్చుకుందామని చూసి ఉంటే నేను ఈ రోజు ఇది రాసేవాణ్ణి కాదేమో.

అసలు పాఠం రోడ్డెక్కక ముందే మొదలైంది. ట్రైలర్ తెలియని వాళ్ల కోసం చెబుతున్నా. ముందు ఇంజిన్ ఉన్న బండిని హార్స్ అంటాం. దాని వీపు మీద గ్రీజు పూసిన పెద్ద గుండ్రటి ఇనుప పళ్లెం ఉంటుంది, అదే ఫిఫ్త్ వీల్. ట్రైలర్ కింద రెండంగుళాల లావు కింగ్ పిన్ ఉంటుంది. హార్స్‌ను రివర్స్‌లో ట్రైలర్ కిందికి నెడితే ఆ పిన్ పళ్లెం గాడిలోకి వెళ్తుంది, లోపలి దవడలు దాన్ని పట్టుకుంటాయి. అన్ని టన్నుల బరువూ ఆ ఒక్క పిన్ను పట్టుకునే మన వెనకాల వస్తుంది.

నేను రివర్స్ తీశా, టక్ అని చప్పుడు వచ్చింది. లాక్ పడింది, పోదాం మామా అన్నా. ఆయన కదల్లేదు. "చెవితో కాదురా, కంటితో చూడు" అని టార్చ్ చేతికిచ్చాడు. కిందికి దూరి చూస్తే పళ్లానికీ ట్రైలర్‌కూ మధ్య సందు కనిపించింది. హార్స్ లేనప్పుడు ట్రైలర్‌ను నిలబెట్టే ఇనుప కాళ్లు ఎక్కువ ఎత్తులో పెట్టి ఉన్నాయి. పిన్ గాడిలోకి దిగకుండా పైనే ఆగింది, దవడలు మూసుకోలేదు. అలాగే కాళ్లు ఎత్తేసి బయల్దేరి ఉంటే? మొదటి గుంతలోనో, మొదటి ఎత్తులోనో ట్రైలర్ ఊడి రోడ్డు మీద పడేది. వెనకాల బైకు మీద ఎవరి బిడ్డ వస్తుంటాడో.

మళ్లీ ముందుకు తీసి, కాళ్లు సరిచేసి, రెండోసారి తగిలించాం. టార్చ్ వేసి దవడలు చూశాం. బ్రేకు గాలి పైపులు, కరెంటు వైరు బిగించాక ట్రైలర్ బ్రేకు వేసే ఉంచి, మొదటి గేర్లో హార్స్‌ను మెల్లగా ముందుకు లాగమన్నాడు. కదల్లేదంటే పట్టుకున్నట్టు. కాళ్లు ఎత్తడం ఆ తర్వాతే. ఇది నాకు ఏ డ్రైవింగ్ స్కూల్లోనూ చెప్పలేదు, నేను లైసెన్సు టెస్టు ఇచ్చిన రోజు ఎవరూ అడగలేదు. ఇప్పటికీ టీ కోసం ఆగినా సరే, బయల్దేరే ముందు టార్చ్ తీసుకుని కిందికి చూస్తా. మనం లేనప్పుడు ఎవరైనా లాక్ హ్యాండిల్ లాగి ఉండొచ్చు కదా.

మొగిలి ఘాట్ ఎక్కడం, కర్ణాటకలోకి వెళ్లడం మామూలుగానే గడిచింది. హిరియూరు దాటాక ఢాబాలోకి తిప్పేటప్పుడు మాత్రం మామ నా చేయి పట్టుకుని ఆపాడు. అలవాటు మీద లారీకి తిప్పినంతే తిప్పుతున్నా. ట్రైలర్ వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, మూల కోసుకుంటూ లోపలికి వస్తాయి. ఆ లోపలి పక్కన ఇద్దరు పిల్లలతో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ఆమెను నేను చూడలేదు, మామ చూశాడు. ఇంతకు మించి దీని గురించి రాయలేను.

పుణె దగ్గర కాత్రజ్ కొత్త సొరంగం దాటాక నవలే బ్రిడ్జి దాకా పొడుగాటి వాలు ఉంది. 2022 నవంబరులో ఒక పెద్ద లారీ పదుల వాహనాలను గుద్దేసింది అక్కడే. ఆ వాలులో న్యూట్రల్ వేసి దిగడం చాలామందికి అలవాటు, డీజిల్ మిగులుతుందని. తప్పు అన్నా అది, తప్పు. ఇప్పటి బండ్లలో గేర్లో ఉంచి యాక్సిలరేటర్ వదిలేసి దిగితే ఇంజిన్‌కు డీజిల్ పోవడమే ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనే ఐడ్లింగ్ కోసం తాగుతుంది. పైగా న్యూట్రల్‌లో ఇంజిన్ పట్టు ఉండదు, ఇంజిన్ పొగను అడ్డుకుని బండి వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకు పనిచేయదు. బరువంతా బ్రేకు డ్రమ్ముల మీద పడి అవి కాలిపోతాయి, చివర్లో ఎంత తొక్కినా పట్టదు. "ఏ గేర్లో ఎక్కుతావో ఆ గేర్లోనే దిగాల" అని మామ సొరంగం రాక ముందే గేరు తగ్గించమన్నాడు. వెనక నుంచి హారన్లు మోగాయి. మోగనీ అన్నాడు.

పుణె ఫ్యాక్టరీలో లోడు దించే డాక్‌కు రివర్స్ పెట్టడానికి నాకు నలభై నిమిషాలు పట్టింది. స్టీరింగ్ కుడికి తిప్పితే ట్రైలర్ ఎడమకు పోతుంది, ఆ సంగతి బుర్రకు ఎక్కినా చేతికి ఎక్కదు. మామ ఒక్కసారి కూడా విసుక్కోలేదు. దిగి చూడు, మళ్లీ ఎక్కు, మళ్లీ దిగి చూడు అన్నాడు, అంతే.

ఇప్పుడు ఓనర్లతో నా మాట. మన దగ్గర డ్రైవర్ తయారయ్యేది క్లీనర్ సీట్లోనే. ఏళ్ల తరబడి పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నవాళ్లే మనం నమ్మి బండి ఇచ్చే డ్రైవర్లు. ఇప్పుడు ఖర్చు తగ్గించాలని క్లీనర్‌ను తీసేశారు. నాకు తెలిసిన బండ్లలో సగానికి పైగా ఒక్క మనిషే. మరి కొత్తవాడు ఎక్కడ నేర్చుకోవాలి? 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల్లో గుర్తింపు ఉన్న శిక్షణ కేంద్రాల్లో హెవీ కోర్సు ఆరు వారాలు, 38 గంటలు. మంచిదే, కాదనను. కానీ పాతిక టన్నులు వెనకేసుకుని ఘాట్ దిగడం ఎలాగో పక్కన ఒక మనిషి ఉండి చూపిస్తేనే వస్తుంది. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటల పని అనేది. ఒక్కడినే పంపి, ఫలానా రోజుకల్లా చేరాలని గంటకోసారి ఫోన్ చేస్తే ఆ ఎనిమిది గంటలు ఎవరికి గుర్తుంటాయి? కొత్త బండ్లకు 2025 నుంచి ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు, సంతోషం. ఆ చల్లటి క్యాబిన్లో రెండో సీటు ఖాళీగా ఉంటోంది, నా బాధంతా అదే.

మొదటి మూడు ట్రిప్పులకు ఒక సీనియర్‌ను తోడు పంపండి. ఆయనకు బత్తా పూర్తిగా ఇవ్వండి, కొత్తవాడి దాంట్లోంచి కోయకండి. మూడు ట్రిప్పుల బత్తా ఒక్క ట్రైలర్ టైరు ఖర్చుతో పోల్చి చూసుకోండి, మీకే తెలుస్తుంది.

తిరుగు ప్రయాణంలో పలమనేరు దాటాక మామ సీటు వెనక్కి వాల్చి పడుకున్నాడు. ముందు మొగిలి ఘాట్, వెనక లోడు. లేపుదామా అనుకున్నా. లేపలేదు. ఘాట్ రాక ముందే గేరు తగ్గించి, ఎగ్జాస్ట్ బ్రేకు వేసి, బ్రేకు గాలి మీటరు చూసుకుంటూ దిగా. కింద దేవాలయం దగ్గరకు వచ్చాక "బాగా దించినావు రా" అన్నాడు, కళ్లు తెరవకుండానే. ఆయన నిద్రపోలేదు. 2024 సెప్టెంబరులో అదే ఘాట్‌లో ఆర్టీసీ బస్సు, లారీలు ఢీకొన్న వార్త విన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ రాత్రే.

ఈ పొద్దున ఆ పిల్లోడి ఓనరుకు ఫోన్ చేశా. నా ట్రిప్పు మానుకుని వస్తా, బత్తా మాత్రం ఇవ్వండి అన్నా. ఆలోచించి చెబుతానన్నాడు. ఆయన ఏం చెప్పినా సరే, ఆదివారం యార్డుకు రమ్మని పిల్లోడికి చెప్పా. మంచి టార్చ్ ఒకటి కొనుక్కుని రమ్మన్నా.